మావయ్య కట్టిన ఎర్రగుడ్డ

పోయిన నెలలో ఒక శనివారం ఊరి చివరి హిజ్లీ నుంచి ఇంటికి వస్తుంటే కారు వేడెక్కింది. ఎప్పుడూ సగానికి కాస్త కింద బుద్ధిగా పడుకుని ఉండే, వేడిని చూపించే ముల్లు, ఫ్లైఓవర్ దిగేసరికి ఎర్రగీత దగ్గరకు పోయి నిలబడింది. పక్కకు తీసి ఆపేశాను. ఇంజిను కట్టేసి ఓ అరగంట చెట్టు నీడన నిలబడితే, అటుగా పోయే టోటో బ్యాటరీ రిక్షావాళ్లూ, సైకిళ్ల మీద వెళ్లే కాలేజీ పిల్లలూ ఒకరి తరవాత ఒకరు ఆగి సలహాలు ఇచ్చారు. ఎక్కువమంది మూత తీసి నీళ్లు పోసెయ్యమన్నారు. వేడి మీద ఉన్న రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుందని నేను వాళ్లకు చెప్పలేదు. ఇన్నేళ్లు టీచరుగా పనిచేశాక, రోడ్డు మీద కూడా పాఠం చెప్పే ఓపిక ఎవరికుంటుంది? చల్లారాక బానెట్ ఎత్తి చూస్తే పైన ఉన్న లావుపాటి గొట్టం ఇంకా వేడిగా ఉంది, కింది గొట్టం చల్లగా ఉంది. థెర్మోస్టాట్ పట్టేసిందని అక్కడే తెలిసిపోయింది. ఇంజినుకీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు అది, నిమ్మకాయంత ఉంటుంది. నీళ్లు తగినంత వేడెక్కగానే తనంతట తానే తెరుచుకుని వాటిని చల్లబడడానికి పంపాలి. తెరుచుకోకపోతే వేడంతా ఇంజిన్లోనే ఉండిపోతుంది.

దారిపొడుగునా ఆపి చల్లార్చుకుంటూ ఎలాగో ఇంటికి చేర్చి, మర్నాడు పొద్దున్నే పెరట్లో చేతులకు పాత చీర ముక్కలు చుట్టుకుని పనిలోకి దిగాను. పక్క క్వార్టర్ బెంగాలీ బౌది గోడ మీద నుంచి తొంగి చూసి, "దిదిమొణి, మిస్త్రీ కి మొరే గ్యాఛే?" అంది. టీచరమ్మా, మెకానిక్కులంతా చచ్చిపోయారా, నువ్వెందుకు ఈ పని చేస్తున్నావు అని దాని భావం. నవ్వేసి స్పానర్ అందుకున్నాను. కింద గొట్టం ఊడదీయగానే ఇంజిన్ను చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ బేసిన్‌లోకి దూకింది. దానితో పాటు ఆ వాసనా వచ్చింది. బెల్లం పాకం కాస్త మాడితే వచ్చే తియ్యటి వాసన అది. నా చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. ఆ వాసన మా మావయ్యది. మావయ్య అంటే మా ఆయన నాన్నగారు. కారు విప్పడం, బిగించడం నాకు నేర్పింది ఆయనే. ఆయన గురించి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి కాబట్టి ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు.

మావయ్య రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే రిటైరయ్యారు. మధ్యలో పెద్ద పదవి ఇస్తామన్నారట గానీ, కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుందని వద్దన్నారట. ఆయన తండ్రీ, తాతా అందరూ ఇక్కడే పనిచేశారు. విజయనగరం వైపు నుంచి ఎప్పుడో రైలు పట్టాలతో పాటు ఈ బెంగాలీ ఊరికి వచ్చేసిన కుటుంబం. నేను పుట్టింది కూడా ఇక్కడే, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మావయ్య నా వైపు సరిగ్గా చూడనే లేదు. మా ఇంటి కిటికీ రెక్క కిర్రుమంటుంటే దానివైపే చూస్తూ కూర్చుని, కాసేపటికి మా అమ్మను కాస్త కొబ్బరినూనె అడిగి తీసుకుని, లేచి మడతబందుకు రాసి, రెండుసార్లు వేసి తీసి, "ఇప్పుడు బాగుంది" అన్నారు. మా అమ్మ అది నా గురించే అనుకుని లోపలికి పరుగెత్తి స్వీట్లు తెచ్చింది. పెళ్లయ్యాక నేనిది చెప్తే ఆయన చాలాసేపు ఆలోచించి, "నిన్నూ సూసినాన్లేయమ్మా" అన్నారు.

రిటైరయ్యాక ఆయన ఒక పాత కారు కొన్నారు. తిరగడానికి కొన్నారో విప్పడానికి కొన్నారో మాకెవరికీ అర్థం కాలేదు. మా ఆయన గూడ్స్ గార్డు, నెలలో సగం రోజులు లైను మీదే ఉండేవారు. కారు నడపడం ఆయనకు ఇష్టం లేదు. రైలుకైతే ముందున్న డ్రైవరు బాధ్యత, దీనికి అంతా మనమేనా అనేవారు. దాంతో కారు నడపడం మావయ్య నాకే నేర్పారు. హిజ్లీ వైపు ఖాళీ రోడ్ల మీద ఆదివారాలు పొద్దున్నే తీసుకెళ్లేవారు. గేరు మార్చినప్పుడు గరగరమంటే పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టేవారు గానీ తిట్టేవారు కాదు. నడపడం వచ్చాక, "నడిపితే సాలదమ్మా, అది ఎలగ నడస్తాదో తెలాల" అని బానెట్ కింద కూడా పాఠాలు మొదలుపెట్టారు. మా అత్తయ్యకు ఇది నచ్చేది కాదు. కోడలు చేతికి గ్రీజు అంటితే వంటలో వాసనొస్తుందని ఆవిడ భయం. రెండు మూడుసార్లు సాంబారు వాసన చూసి మరీ వడ్డించింది.

ఆయన పనిముట్ల పెట్టెలో అన్నిటికన్నా పైన మూడు ఎర్రగుడ్డలు ఉండేవి, చేతిరుమాళ్లలా మడతపెట్టి. అత్తయ్యే చుట్టూ కుట్టేసి ఇచ్చింది. రైల్వేలో ఒక పద్ధతి ఉంది. రైలుపెట్టె కింద దూరి పనిచేసేవాడు ముందు దానికి ఎర్రజెండా కట్టి దూరతాడు. ఆ జెండా ఉన్నంతసేపు ఆ పెట్టెను ఎవరూ కదపకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. పని అయిపోయినట్టు కళ్లకు కనిపిస్తున్నా సరే, కట్టినవాడే వచ్చి తన చేత్తో తియ్యాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు. వర్క్‌షాప్ కుటుంబాల్లో ఈ పద్ధతి ఇంట్లోకి కూడా వచ్చేసింది. మావయ్య ఫ్యాను బాగుచేస్తుంటే స్విచ్చుకు గుడ్డ కట్టేవారు. పంపు విప్పితే కుళాయికి కట్టేవారు. పొరుగువాళ్లు నవ్వుకునేవారు గానీ, వాళ్ల ఇళ్లలోనూ ఏదో ఒక మూల ఒక ఎర్రముక్క ఉండేది.

ఒకసారి మిక్సీ వైరు మారుస్తూ, ప్లగ్గుకు గుడ్డ కట్టి, సగంలో ఏదో గుర్తొచ్చినట్టు లేచి, బరంపురంలో చుట్టాలింట్లో పెళ్లికి రైలెక్కేశారు. పని నిజానికి అయిపోయింది. ప్లగ్గు పెట్టి స్విచ్చు వేస్తే మిక్సీ తిరుగుతుంది. కానీ గుడ్డ ఉంది. రెండు రోజులపాటు నేనూ అత్తయ్యా రోట్లో పచ్చడి నూరుకున్నాం. ఆవిడ రుబ్బుతూ మొగుణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయినా ఆ గుడ్డ మీద చెయ్యి వెయ్యలేదు. నేను నవ్వితే, "నవ్వకు. ఆయన కుర్రతనంలో ఇంకో ఊరి యార్డులో ఉన్నప్పుడు, సావాసగాడు రైలుపెట్టి కింద ఉండగా ఎవలో తొందర్లో జెండా తీసీసినారు. ఆ పీనుగుని మోసినోళ్లలో ఈయన ఒకరు" అంది. ఎవరు తీశారో చివరిదాకా తెలియలేదట. ఆ తరవాత నేనూ ఆ గుడ్డలు చూసి నవ్వలేదు.

పదకొండేళ్ల కిందటి మాట. ఏప్రిల్ నెల, ఆదివారం. అంతకు రెండు రోజుల ముందే కారు వేడెక్కుతోందని మావయ్య కనిపెట్టారు. బజారులో మెకానిక్‌ను అడిగితే అతను, "ఫేలే దిన్ దాదా, ఏయ్ గొరోమే ఎ షొబ్ లాగే నా" అన్నాడట. ఈ ఎండలకు థెర్మోస్టాట్ ఎందుకు, తీసి పారెయ్యండి అని. మావయ్య ఇంటికొచ్చి ఆ మాట నాలుగుసార్లు చెప్పారు. "పెట్టినోడు బుర్ర నేక పెట్టినాడేటి? ఇంజినుకి కాస్త వేడి ఉండాల. మరీ సల్లగున్నా సెడిపోద్ది, మరీ వేడెక్కినా సెడిపోద్ది. ఆ మధ్యన ఉంచీదే ఇది" అని చిన్నపిల్లాడి మీద మాట పడ్డట్టు బాధపడ్డారు. కొత్తది కొని తెచ్చి, కూలెంట్ డబ్బా, శుద్ధి చేసిన నీళ్ల సీసాలు అన్నీ గోడవారగా పేర్చుకుని, స్టీరింగ్‌కు ఎర్రగుడ్డ రెండు ముళ్లు వేసి కట్టి పని మొదలుపెట్టారు.

ముందు, "అమ్మా, ఓ గిన్ని తే, పాలు కాసీది" అన్నారు. కొత్త థెర్మోస్టాట్‌ను దారం కట్టి నీళ్లలో వేలాడదీసి కాచి చూడాలట.

"నా పాలగిన్నిలో ఆ ఇనప ముక్క ఉడకబెడతారేటి?" అంది అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి.

"కొత్తదేనే, కాయితంలోంచి ఇప్పుడే తీసినాను. నీ పాలకన్నా సుబ్బరంగా ఉంది."

"కొత్తదైతే మరి ఉడకబెట్టడమేటి?"

"కొత్తదని నమ్మీడమేటి? సూసి పెట్టాల."

ఆవిడ గిన్నె ఇవ్వనే లేదు, పాత సత్తు గిన్నె ఒకటి ఇచ్చింది. స్టవ్ పక్కన మేమిద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. నీళ్లు వేడెక్కి అంచుల్లో బుడగలు మొదలయ్యాయి. ఇంకా మరగకముందే ఆ ఇత్తడి బిళ్ల మెల్లగా పైకి లేచి నోరు తెరిచింది. స్టవ్ ఆపేస్తే కాసేపటికి మెల్లగా మూసుకుంది. మావయ్య మొహం వెలిగిపోయింది. "సూసినావా? దానికి ఎవలూ సెప్పక్కర్నేదు" అన్నారు. పాతదాన్ని కూడా అదే నీళ్లలో వేస్తే, నీళ్లు సలసల తెర్లినా అది నోరు విప్పలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, పారెయ్యకుండా గుడ్డలో చుట్టి పెట్టెలో వేసుకున్నారు.

తరవాత పెరట్లో కింద గొట్టం ఊడదీసి పాత కూలెంట్ పట్టాం. ఆకుపచ్చగా ఉండాల్సింది తుప్పుపట్టి టీ రంగులో వచ్చింది. అంతకుముందు కారు వాడినాయన ఎవరో కుళాయి నీళ్లు పోసి తోలాడని మావయ్య లెక్క. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ తాగి చస్తాయని ఆ బేసిన్‌ను స్టూలు మీద ఎత్తుగా పెట్టించి, పైన పీట మూత వేయించారు. థెర్మోస్టాట్ గూడు బోల్టులు రెండూ ఆయనే విప్పారు. లోపల అంటుకున్న పాత ప్యాకింగ్ కాగితాన్ని నాచేత గోకించారు. "గీత పడకూడదు, గీత పడితే కారతాది" అని పది సార్లు చెప్పారు. నేను మెడ వంచి గోకుతూ ఉంటే ఆయన నా భుజం పక్క నుంచి చూస్తూ, నా చేతులు బాగున్నాయనీ, వర్క్‌షాప్‌లో తన కింద పనిచేసిన కుర్రాళ్ల చేతులకన్నా నయమనీ అన్నారు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది.

పదిన్నరకు అత్తయ్య పిలిస్తే నేను వంటకు లోపలికి వెళ్లిపోయాను. నేను వెళ్లేటప్పటికి ఇంజినులో చుక్క నీరు లేదు. గూడు నోరు తెరుచుకుని ఉంది, దానిలో దుమ్ము పడకుండా గుడ్డ కుక్కి ఉంది. ఇది నేను కావాలని ఇంత వివరంగా చెప్తున్నాను.

పన్నెండు దాటాక మావయ్య లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చుని టీ అడిగారు. పని మధ్యలో టీ తాగడం ఆయనకు అలవాటే. పని అయిపోయాక తాగడమూ అలవాటే. ఎంతవరకు అయిందని నేను అడగలేదు. పప్పు పోపులో ఉంది. గ్లాసు చేతికిచ్చి వెనక్కు తిరిగానో లేదో అది కింద పడిన చప్పుడైంది. చూస్తే ఆయన కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, మూతి ఒక పక్కకు వంగిపోయింది. "మావయ్యా" అని పట్టుకున్నాను. ఏదో చెప్పాలని చూశారు, మాట రాలేదు. ఎడమచెయ్యి ఎత్తి పెరటివైపు, కారువైపు చూపించారు. రెండుసార్లు చూపించారు. అంతే, చెయ్యి వాలిపోయింది.

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే అరగంట పైనే పడుతుందన్నారు. మా ఆయన లైను మీద ఉన్నారు. కారు తాళాలు మేకుకు వేలాడుతున్నాయి. నేను తాళాలు తీసుకుని పెరట్లోకి పరుగెత్తి కారు తలుపు తీశాను. ఎదురుగా స్టీరింగ్ మీద ఎర్రగుడ్డ, రెండు ముళ్లు వేసి ఉంది. బానెట్ మూసి ఉంది. కానీ పని మధ్యలో లేచినా బానెట్ మూసే లేస్తారు ఆయన. లోపల నీళ్లు ఉన్నాయో లేవో, గొట్టాలు తగిలించారో లేదో. నీళ్లు లేని ఇంజినుతో బయలుదేరితే దారిలో ఆగిపోతుంది, అప్పుడు ఆయన్ని రోడ్డు మధ్యలో పెట్టుకుని నేనేం చెయ్యను? ఆ చెయ్యి చూపించింది కూడా అందుకేనేమో, గుడ్డ విప్పలేదు, కారు తియ్యొద్దు అనేమో. ఇదంతా ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. నా వెనకే అత్తయ్య కూడా వచ్చి నిలబడింది. ఇద్దరం ఆ గుడ్డను చూశాం. ఇద్దరిలో ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు.

బానెట్ ఎత్తి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. ఒక్క నిమిషం పని. గొట్టం తగిలించి ఉందా, మూత కింద నీళ్లున్నాయా, అంతే. చూడడం ఆయనే నాకు నేర్పారు. పొద్దున్నే నా చేతులు మెచ్చుకున్నారు. ఆ ఎర్రరంగు కళ్ల ముందు ఉండగా నాకు ఆ ఆలోచనే రాలేదు. తలుపు వేసేసి వీధి చివరిదాకా పరుగెత్తాను.

ఆదివారం మధ్యాహ్నం ఎండలో టోటోలు దొరకవు. దొరికిన ఒక్కటీ చార్జింగు అయిపోవస్తున్న టోటో. ఆ కుర్రాడు మంచివాడు, రానన్నవాడు కాదు, కానీ బండి సైకిలు కన్నా నెమ్మదిగా పోయింది. రోడ్డు ఎత్తుగా ఉన్నచోట అతనూ నేనూ దిగి తోశాం. అత్తయ్య లోపల ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "బేగి పోనీ నాయనా, బేగి పోనీ" అని తెలుగులోనే అంటూ ఉంది. పది నిమిషాల దారికి నలభై పట్టింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. ఎప్పుడు మొదలైందని అడిగి, గోడ గడియారం వైపు చూసి, కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అంది. ఆవిడ ఆ మాట అందరితోనూ అంటుందనుకుంటాను.

మర్నాడు మా ఆయన లైను నుంచి దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లి, అక్కడి నుంచి ఇంటికి వచ్చి పెరట్లోకి వెళ్లారు. నేను వెనక గుమ్మంలో నిలబడి చూశాను. బానెట్ ఎత్తి, మూత తీసి, గొట్టాలు పట్టుకుని చూశారు. వంగి కిందికి చూశారు. చాలాసేపటికి, "నిండుగా ఉంది. అన్నీ బిగించీసినారు. అంతా అయిపోయింది" అన్నారు. నాతో కాదు, తనలో తాను అనుకున్నారు. టీ తాగి, పోసిన నీళ్లు కుదురుకున్నాక కింద ఎక్కడైనా కారుతోందేమో ఇంకొక్కసారి చూసి గుడ్డ విప్పుదామని మావయ్య ఆగారన్నమాట. ఆయన పద్ధతి అది. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అన్నది అత్తయ్య ఒక్కర్తే, అదీ ఒక్కసారే. మావయ్యను ఇంటికి తెచ్చిన వారానికి, ఆయన చేత్తో ముద్ద ఎత్తలేక కంచం తోసేసిన రోజు, "గుడ్డ ముక్క కదే, లాగి పారీనేకపోనావేటి?" అంది. తనూ నా పక్కనే నిలబడిందన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, వెంటనే నోరు మూసుకుంది. గంట తరవాత తనే అన్నం కలిపి తెచ్చి నా ముందు పెట్టి, నేను తినేదాకా కూర్చుంది.

ఆ గుడ్డ అలాగే ఉండిపోయింది. మా ఆయన ఒకసారి తియ్యబోతే, కిటికీ దగ్గర మంచం మీద ఉన్న మావయ్య ఊఁ ఊఁ అని గట్టిగా అరిచారు. చేతికర్రతో మంచం కోడును కొట్టారు. ఇంక ఎవరూ ప్రయత్నించలేదు. వానలు వచ్చాయి, కారు మీద బూజు పట్టింది, బ్యాటరీ పడుకుంది. ఆ కిటికీలోంచి ఆయనకు రోజంతా కనిపించేది ఆ కారే. నేను మందులివ్వడానికి వెళ్లినప్పుడల్లా ఆయన కళ్లు అటే ఉండేవి. నా తప్పు నాకు గుర్తు చెయ్యడానికే దాన్ని అలా ఉంచారని నేను గట్టిగా నమ్మాను. నన్ను కోపంగా చూడలేదు, మందులకు సతాయించలేదు, అయినా నమ్మాను. ఆ చెయ్యి ఎందుకు ఎత్తారన్నది ఒక్కటే నన్ను తినేసింది. తియ్యొద్దనే అయితే నేను ఆయన మాట విన్నట్టు. కారు సిద్ధంగా ఉంది, తియ్యి అని అయితే, ఆయన కుడిచెయ్యి చచ్చుబడేలా చేసింది నేనే. అడుగుదామంటే ఆయనకు మాట లేదు. వచ్చిన నాలుగైదు మాటలూ మంచినీళ్లకూ అత్తయ్యను పిలవడానికీ సరిపోయేవి.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో పనిచేసే ఇనుము ప్రతిదానికీ పండగే. వర్క్‌షాప్ మిషన్ల నుంచి సైకిళ్ల దాకా అన్నిటికీ బొట్టూ దండా పడతాయి. ఆకాశం నిండా గాలిపటాలు ఎగురుతాయి. మా ఆయన బంతిపూల దండలు తెచ్చి, స్కూటరుకు వేసి, కారు దగ్గరకు వచ్చి ఆగిపోయారు. కిటికీలో కర్ర చప్పుడైంది. మావయ్య లేపమని సైగ చేస్తున్నారు. ఇద్దరం చెరో పక్కన పట్టుకుని, కుర్చీ వేసి, కారు తలుపు దగ్గర కూర్చోబెట్టాం. ఆయన ఎడమచేత్తో నాకు బానెట్ చూపించారు. ఎత్తాను. మూత చూపించారు. తీశాను. వేలు పెట్టి చూస్తే అంచుదాకా ఆకుపచ్చగా ఉంది. నేల చూపించారు. మోకాళ్ల మీద వంగి చూశాను. కారు కింద ఎర్రమట్టి పొడిగా ఉంది, ఒక్క మరక లేదు. "ఏటీ నేదు మావయ్యా" అన్నాను. అప్పుడు ఆయన లోపలికి వంగి ముడి పట్టుకున్నారు.

వానల్లో తేమకు బిగుసుకుపోయిన ముళ్లు. ఎడమచేతి గోళ్లు దిగడం లేదు. మా ఆయన సాయానికి చెయ్యి చాపితే మావయ్య చూసిన చూపుకు ఆ చెయ్యి వెనక్కు వచ్చేసింది. పళ్లతో పట్టి లాగారు. చొంగ కారుతుంటే అత్తయ్య తుడవబోయి ఆగిపోయింది. ఎంతసేపు పట్టిందో తెలియదు, వీధిలో పూజపందిరి మైకులో పాట మారింది, మళ్లీ మారింది. చివరికి రెండో ముడి కూడా వదిలింది. గుడ్డ ఆయన ఒళ్లోకి జారింది. మా ఆయన స్టీరింగ్‌కు దండ వేసి, హారతికి అగ్గిపెట్టె కోసం అత్తయ్యతో పాటు లోపలికి వెళ్లారు.

ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. "మావయ్యా, ఆ రోజు చెయ్యి ఎత్తి కారు చూపించినారు కదా. తియ్యమనా, వద్దనా?"

ఆయన ఒళ్లోని గుడ్డను ఎడమచేత్తో మడతపెట్టబోయారు. గొంతులో మాట కూడదీసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. "వద్దని" అన్నారు. మళ్లీ ఊపిరి తీసుకుని, "మంచి పని... సేసినావమ్మా" అన్నారు. అయిదు నెలల్లో ఆయన అన్ని మాటలు కలిపి అనడం అదే మొదలు.

అది అబద్ధం. కారులో పని పూర్తయిందని ఆ రోజు ప్రపంచంలో తెలిసినవాడు ఆయన ఒక్కడే. తెలిసి, చెప్పాలనే ఆ చెయ్యి రెండుసార్లు ఎత్తారు. నాకేం నేర్పినా నా మొహం చూసే చెప్పే మనిషి, ఆ రెండు మాటలూ పైన ఎవరిదో గాలిపటం వైపు చూస్తూ అన్నారు. చూసుకోని పని అయిపోయిందని కూడా జీవితంలో ఎన్నడూ అనలేదు ఆయన. ఈ ఒక్క అబద్ధం నా కోసం ఆడారు. నేను ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆయన ఆ చచ్చుబడ్డ చేతిని ఎడమచేత్తో ఎత్తి తెచ్చి, నా తల మీద పెట్టారు.

తరవాత నాలుగేళ్లు బతికారు. మళ్లీ ఆ ప్రసక్తి ఆయన తేలేదు, నేనూ తేలేదు. ఆసుపత్రికి ఆలస్యమైన ఆ అరగంటను ఆయన ఒక్క మాటతో ముగించేసి వెళ్లిపోయారు. పదకొండేళ్లయినా నాకు మాత్రం అది ఇంకా గడవలేదు.